ట్యాగధనులు

మాది రాష్ట్ర చింతపండు అభివృద్ధి మండలి. చింత ఉద్యోగులది, పండు పైవాళ్ళది, మండేది రైతులకు. ఈ మూడూ కలిపితే మా సంస్థ పేరు వస్తుంది. ఈ జోకు నేను ఉద్యోగంలో చేరిన రోజునే వేశాను. ఎవరూ నవ్వలేదు. నా జోకులో లోపం ఉంటుందని నాకు తట్టలేదు కాబట్టి వాళ్ళ చెవుల్లో లోపం ఉందనుకుని, అప్పటినుంచీ ఇంకాస్త గట్టిగా వేస్తూ వస్తున్నాను.

నా పేరు పానకాలరావు. సిస్టమ్స్ ఆఫీసర్ని. సిస్టమ్ అంటే కంప్యూటరు అనుకునేవాళ్ళు నన్ను మరమ్మతులవాడనుకుంటారు. సిస్టమ్ అంటే వ్యవస్థ అనుకునేవాళ్ళు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, అది ఎందుకిలా తగలడిందో ఇప్పుడర్థమైందంటారు. నాది పెద్ద గొంతు. నేను గుసగుసలాడితే మెట్ల కిందనుంచి సెక్యూరిటీ దావీదు ‘వస్తన్నా సార్’ అంటాడు.

మా ఆవిడ నాంచారమ్మ కూడా అదే ఆఫీసు. అకౌంట్స్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. ఇంట్లో ‘ఏమండీ’, ఆఫీసులో ‘ఎండీ’, ఈ రెండు పిలుపుల మధ్య నా బతుకు తెల్లారిపోయింది. ఏమండీలోంచి ‘మ’ తీసేస్తే దాదాపు ఎండీ మిగులుతుంది. ఆ తీసేసింది మమకారమని నా సొంత పరిశోధన.

ఇంట్లో నేను జోకు వేస్తే నాంచారమ్మ ‘గ్యాసు అయిపోవచ్చింది’ అంటుంది. ఆఫీసులో అలా కాదు. నా కుర్చీకీ అకౌంట్స్‌కీ మధ్య ఒక ప్లైవుడ్ అడ్డు ఉండేది. నేను ఇటునుంచి జోకు విసిరేవాణ్ణి. అటు నలుగురైదుగురు మొహమాటానికి నవ్వేవాళ్ళు. వాళ్ళందరూ ఆపాక, ఒక్క క్షణం ఆలస్యంగా, చివర చిన్న ఎక్కిళ్ళతో ఇంకో నవ్వు వచ్చేది. అది మా ఆవిడది. ఎదురుగా నవ్వితే నెత్తికెక్కుతానని భయం కాబోలు, అడ్డు ఉంటేనే నవ్వేది. నేను ఆఫీసుకు వెళ్ళేది ఆ ఆలస్యపు నవ్వు కోసమే. జీతం వెంట వచ్చే వస్తువు.

ఆ నవ్వును నేనే నా చేతులారా పోగొట్టుకున్న వైనం ఇది.

మా ఎండీ శేషాచలపతి గారికి కడుపులో మంట. ఆయుర్వేద వైద్యుడు ఒక పథ్యం పట్టిక పంపాడు. ‘పులుపు, ముఖ్యముగా చింతపండు, తాకరాదు’ అని మొదటి వాక్యం. ఎండీ గారు దాన్ని తన గదిలో ప్రింటు కొట్టారు. అది కొనుగోళ్ళ విభాగం ప్రింటర్లో వచ్చింది. అక్కడినుంచి నోటీసు బోర్డు మీదకు ఎలా వచ్చిందో విచారణ ఇంకా నడుస్తోంది.

ఆయన నన్ను పిలిపించారు.

“పానకాలరావు గారూ, నా కడుపులోని విషయం కొనుగోళ్ళ విభాగం దృష్టికి ఏ మార్గంలో వెళ్ళిందో వివరించగలరా?”

“మన ఆఫీసులో తీగలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి సార్. ఒక కంప్యూటరు గట్టిగా అరిస్తే అన్నిటికీ వినపడుతుంది.”

“మీలాగా అన్నమాట.”

“అంతే సార్. ఏ విభాగం మాట ఆ విభాగంలోనే ఉండాలంటే వీల్యాన్ పెట్టాలి.”

“విలనా?”

“విలన్ ఎలాగూ ఉంటాడు సార్. వీల్యాన్ మాత్రం మనమే పెట్టుకోవాలి.”

ఆయన నవ్వలేదు. ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటు సంజీవులు గారు పక్కనే నిలబడి ఉన్నారు. ఎండీ నవ్వని జోకుకు నవ్వడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం కాబట్టి ఆయన దగ్గారు.

కావలసింది ఒక స్విచ్చి. అంటే గోడకుండేది కాదు, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి దూరే పెట్టె. సంజీవులు గారు దానికి అభ్యంతరం పెట్టారు. “స్విచ్చులు విద్యుత్ పద్దు కింద వస్తాయండీ. ఆ పద్దులో ఫ్యాను రెక్కకు సైతం నిధులు లేవు.” సరే, కొనకుండా చేస్తానన్నాను. మూల పడేసిన పాత కంప్యూటరు ఒకటి తెచ్చి, దానికి నాలుగు నెట్‌వర్కు కార్డులు తగిలించి, లోపల ఒక ప్రోగ్రాము నడిపితే అదే స్విచ్చిలా పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ స్విచ్చి అంటారు. పెట్టె లేని స్విచ్చి, ఖర్చు లేని స్విచ్చి, నొక్కడానికి ఏమీ లేని స్విచ్చి. అనుమతి అడిగితే, మా ఆఫీసులో మొదటిసారి మతితో సహా ఇచ్చారు.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ ఎండీ గారు, “ఇది పనిచేయు విధానం సంక్షిప్తంగా చెప్పండి” అన్నారు. నన్ను సంక్షిప్తంగా చెప్పమనడం ఏనుగును ఆటోలో రమ్మనడం.

“ఒక కంప్యూటరు పంపే ప్రతి మాటకూ ఒక చీటీ కడతాం సార్. అకౌంట్స్ మాటకు పది, కొనుగోళ్ళకు ఇరవై, ఎస్టాబ్లిష్‌మెంటుకు ముప్పై. ఆ చీటీ పేరు ట్యాగు. మధ్యలో నా మిషను కూర్చుని అన్ని తీగల్నీ కలుపుతుంది కాబట్టి దాన్ని బ్రిడ్జి అంటాం. అది ట్యాగు చూసి పదిని పదికి, ఇరవైని ఇరవైకి అప్పజెబుతుంది. ట్యాగులేసిన మాటలన్నీ కలిసి నడిచే దారి ట్రంకు. పెట్టె కాదు సార్, దారి. ఇంట్లోకి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పినట్టు, కంప్యూటరు దగ్గరకొచ్చాక ట్యాగు విప్పేస్తాం.”

“గదులు మార్చవలసి ఉంటుందా?”

“అక్కర్లేదు. అదే దీని మహత్తు. పక్కపక్కన కూర్చున్నా వేరే వేరే ఊళ్ళో ఉన్నట్టే. ఒకరి మాట ఒకరికి వినపడదు. ఉదాహరణకు...”

నా నాశనం ఎప్పుడూ ఉదాహరణతోనే మొదలవుతుంది.

“ఉదాహరణకు మనుషులే అనుకోండి సార్. దావీదు బ్రిడ్జి. మన నడవ ట్రంకు. సంజీవులు గారి మెడలో ముప్పై నెంబరు ట్యాగు. ఆయన అకౌంట్స్‌లోకి వెళ్ళబోతే దావీదు ఆపేస్తాడు. అంతే.”

ఎండీ గారు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. అంతకు ముందు వారమే ఆయన పరిపాలనా సంస్కరణల శిక్షణ శిబిరానికి వెళ్ళొచ్చారు. అక్కడ అందరూ నల్ల కోట్లు తొడుక్కుని ప్రతి పాత పద్ధతికీ రెండు నిమిషాలు మౌనం పాటించారట. సంస్కరణ సభో సంస్మరణ సభో ఆయనకూ స్పష్టత లేదు. కానీ ఏదో ఒకటి సంస్కరించి తీరాలన్న దురద మాత్రం మిగిలింది.

“అనుకోవడం దేనికి?” అన్నారు కిటికీతో. “మనుషులకే ఎందుకు పెట్టకూడదు?”

మర్నాటికి ఉత్తర్వు తయారు. సంజీవులు గారి రచన.

‘కార్యాలయ అంతర్గత వాగ్వ్యవహారముల క్రమబద్ధీకరణ నిమిత్తము, ప్రతి ఉద్యోగియు తన విభాగ సంఖ్యను సూచించు ట్యాగును మెడయందు ధరించవలెను. నడవ ట్రంకుగా పరిగణింపబడును. గదిలో ప్రవేశించునపుడు ట్యాగు తొలగింపబడి, నిష్క్రమించునపుడు పునర్ధారణ గావింపబడును. ఒక విభాగము వారి వాక్కు అన్య విభాగము వారికి వినబడినను వినబడనట్లు పరిగణింపబడును. ట్యాగు లేనివారు సందర్శకుల హాలునకు మళ్ళింపబడుదురు.’

“ఈ ‘పరిగణింపబడును’ ఏమిటండీ?” అని అడిగాను.

“అది పడ్డాక ఇంక దేనికీ అడ్డు లేదండీ పానకాలు గారూ,” అన్నారాయన, కలం మూత పెడుతూ. “గోడ తలుపుగా పరిగణింపబడును అని రాస్తే రేపట్నుంచి మీరూ నేనూ గోడలోంచే రావాలి. బొప్పి కడితే అది మన అలసత్వం.”

వీల్యాన్‌లో ‘వీ’ అంటే వర్చువల్. ఉండీ లేనట్టు. మా ఎండీ గారి హాజరు లాంటిది. దాని మహత్తు నిరూపించాలంటే గదులు అలాగే ఉంచితే ఎలా? అందుకని కుర్చీలన్నీ కలిపేశారు. ప్లైవుడ్ అడ్డు పీకేశారు. పదో నెంబరు పక్కన ఇరవై, ఇరవై పక్కన ముప్పై. నాంచారమ్మ కుర్చీ తెచ్చి సరిగ్గా నా కుర్చీకి ఆనించి వేశారు. చేతులు తగులుతున్నాయి. ఆవిడ పది, సిస్టమ్స్ కింద నేను నలభై. పెళ్ళయ్యాక మేమిద్దరం పగటిపూట అంత దగ్గరగా కూర్చున్నది లేదు, అంత దూరంగానూ లేదు.

నలభైలో ఎవరున్నారని మొదటిరోజే దావీదు అడిగాడు.

“నేను.”

“ఇంకెవురు సార్?”

“నేనే.”

“మరి మీరు ఎవురితో మాట్టాడతారు?”

“నాతో నేనే మాట్లాడుకోవాలి దావీదూ.”

“అయితే మీకేం మారలా,” అని నా మెడలోంచి ట్యాగు తీసి మేకుకు తగిలించాడు.

గదిలోకి వెళ్ళే ప్రతివాడి ట్యాగూ దావీదు విప్పాలి. బయటకొచ్చే ప్రతివాడికీ దావీదు వెయ్యాలి. టీ తాగడానికి వెళ్ళేవాళ్ళ వరుస, తాగొచ్చేవాళ్ళ వరుస గుమ్మంలో ఎదురుపడి, పెళ్ళిపందిట్లో దండలు మార్చుకునే జనంలా నిలబడేవి. బాత్రూము ఏ నెంబరు కిందికొస్తుందన్నదాని మీద ఫైలు నడిచింది. అది ‘అందరూ వచ్చిపోవు స్థలము కావున ట్రంకు స్వభావము గలది’ అని తేలేసరికి ఇద్దరు సెలవు పెట్టి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

నేను ఒక జోకు వేశాను. వెయ్యకుండా ఉండలేను. “స్వాతంత్ర్యం తెచ్చింది త్యాగధనులు, చింతపండు తెచ్చేది ట్యాగధనులు” అన్నాను, గది మొత్తానికి. గది మొత్తం నలభైలో లేదు. అందరూ గోడ వైపు, ఫ్యాను వైపు, తమ గోళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను చెవి రిక్కించి ఆ ఆలస్యపు నవ్వు కోసం ఆగాను. నా మోచేతికి ఆనుకుని ఉన్న మోచెయ్యి కదల్లేదు.

సంజీవులు గారు వచ్చి వివరించారు. “నవ్వు కూడా స్పందనేనండీ. స్పందన కూడా సమాచారమే. పదవ నెంబరు వారు నలభైకి స్పందిస్తే మెమో ఇవ్వవలసి వస్తుంది.”

ఇంటికి వెళ్ళి మొత్తుకున్నాను. “పక్కనే కూర్చుని వినపడనట్టు ఉండాలంటే ఎంత నరకం నాంచారూ.”

“సుగుణ కూడా అట్టాగే ఏడుస్తంది పాపం,” అంది, కరివేపాకు దూస్తూ. సుగుణ అకౌంట్స్‌లో ఆవిడ పక్క సీటు. “నాకేం కష్టంగా లేదండీ. ఇంట్లో అలవాటేగా.”

రెండు నెంబర్ల మధ్య మాట్లాడుకునే మార్గం అసలు లేకపోలేదు. కంప్యూటర్లలో దానికి రూటరు ఉంటుంది. ఒక వీల్యాన్ మాటను తీసుకుని ఇంకో వీల్యాన్‌కు అందిస్తుంది. ఈ సంగతి కూడా ఎండీ గారికి నేనే చెప్పాను, ఇంకెవరు చెబుతారు? సంజీవులు గారు రూటరుగా నియమితులై నడవలో బల్ల వేసుకున్నారు. ఇక మా ఇద్దరి మధ్యాహ్న భోజనం. క్యారియరు ఒకటే. పై గిన్నె పది, కింది గిన్నె నలభై.

నాంచారమ్మ లేచి నడవలోకి వెళ్ళి ఏదో చెప్పి వచ్చి కూర్చుంది. సంజీవులు గారు లోపలికొచ్చి నా ముందు నిలబడ్డారు.

“అకౌంట్స్ నుండి సిస్టమ్స్‌కు. దొండకాయ వేపుడునందు ఉప్పు చాలినదా లేదా తెలియజేయవలెను.”

“బ్రహ్మాండంగా ఉందని చెప్పండి. ఇన్నేళ్ళూ నన్ను వేపుకు తిన్న చెయ్యి కదా, వేపుడు కుదరక ఎక్కడికి పోతుందని కూడా చెప్పండి. వేపుడు అన్నచోట కాస్త నొక్కాలి.”

ఆయన గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, నాకు ఆనుకుని ఉన్న కుర్చీ ముందు నిలబడ్డారు.

“సిస్టమ్స్ వారి నివేదన. వేపుడు సంతృప్తికరము. తాము వారిని చిరకాలముగా వేపుకు తినుచున్నట్లు వారు ఆరోపించుచున్నారు.”

నా జోకు నా కళ్ళ ముందు శవమై లేచింది. నాంచారమ్మ ముద్ద మింగి, నా వైపు చూడకుండా సంజీవులు గారితో అంది. “ఆరోపణ గమనించడమైనది. రేపట్నుంచి మజ్జిగన్నం మంజూరు చేయడమైనది.”

మజ్జిగన్నం నాకు లెక్క కాదు. ఆ నవ్వు లేకుండా రోజులు గడవడమే గడవడం లేదు. నా గొంతు తగ్గింది. దావీదు రెండుసార్లు గుమ్మం వదిలి వచ్చి, “ఒంట్లో బాలేదా సార్, పిలవట్లా?” అని అడిగి పోయాడు. ఒకనాడు ఒక మంచి శ్లేష నాలిక చివరికొస్తే మింగేశాను. అజీర్తి చేసింది.

ఇదంతా శిక్షణ దశ. అసలు అమలు సోమవారం నుంచి. నా మిషన్లో ట్యాగుల వడపోత, గుమ్మంలో దావీదు వడపోత, రెండూ ఒకే ముహూర్తానికి మొదలవ్వాలని ఎండీ గారి పట్టుదల. ఆయనే స్వయంగా ప్రారంభిస్తారట.

“స్విచ్చి ఎక్కడ నొక్కాలి?” అని అడిగారు.

“ఇది సాఫ్ట్‌వేర్ స్విచ్చి సార్. నొక్కేది ఉండదు.”

“నొక్కనిదే ప్రారంభోత్సవం ఎలా జరుగుతుంది?”

సంజీవులు గారు నడవ గోడకు ఒక కాలింగ్ బెల్ బటను బిగింపించారు. వెనకాల తీగ లేదు. దానికి రిబ్బను కట్టారు. ఎండీ గారు నొక్కారు. చప్పట్లు. అదే క్షణాన నా సీట్లో నేను ఎంటర్ నొక్కాను.

వెంటనే నా తెర చచ్చిపోయింది. ఫైళ్ళన్నీ నడిచే ఈ-ఆఫీసు ఎవరికీ తెరుచుకోవడం లేదు. నా మిషనును పలకరించాను. పలకదు. ఇంకోసారి పలకరించాను. అచ్చం మా గదిలో మనుషుల్లాగా ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నట్టుంది.

నడవలో ఎండీ గారు దండ తీసి సంజీవులు గారికిచ్చి తన గది వైపు కదిలారు. దావీదు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ట్యాగ్ సార్.”

“నేనయ్యా, ఎండీని.”

“తెలుసు సార్, అందుకేగా నమస్కారం పెట్టింది. ట్యాగ్ చూపించండి.”

ఎండీ గారు సంజీవులు గారి వైపు చూశారు. ఆయన ఉత్తర్వు ప్రతి తీసి ఒకటికి రెండుసార్లు చదివారు.

“తాము సమస్త విభాగములకూ అతీతులు కావున, ఏ విభాగములోనూ చూపలేదండీ. గౌరవం కొద్దీ వదిలేశాం.”

“అంటే?”

“ట్యాగు లేనివారు సందర్శకుల హాలుకు మళ్ళింపబడుదురండీ. తమ సంతకమే.”

మళ్ళించారు. సందర్శకుల హాలు నా సీటుకు ఎదురుగా అద్దాల అవతల ఉంటుంది. అక్కడ పొద్దుటినుంచీ చింతపండు రైతులు కూర్చుని ఉన్నారు. తలపాగా చుట్టుకున్న ఒకాయన జరిగి ఎండీ గారికి బెంచీ మీద చోటిచ్చాడు. తర్వాత దావీదు చెప్పాడు ఆ సంభాషణ.

“తమరు ఏం పని మీద వచ్చినారు?”

“ఎండీ గది లోపలికి వెళ్ళే పని మీద.”

“మేమూ దానికే. వచ్చినప్పుడల్లా ఇక్కడే కూసోబెడతన్నారు. ఇంతకీ ఆ మనిషి లోపల ఉండాడంటారా?”

“లేడు,” అన్నారట ఎండీ గారు. ఆయన సర్వీసులో అంత సూటైన జవాబు లేదని సంజీవులు గారే ఒప్పుకున్నారు.

బయటపడే మార్గం ఒకటే. సవరణ ఉత్తర్వు. అది ఈ-ఆఫీసులో పెట్టి ఎండీ గారు కంప్యూటరు మీద సంతకం చెయ్యాలి. కంప్యూటరు హాల్లోనూ ఉంది. ఈ-ఆఫీసుకు వెళ్ళే మాటను మాత్రం ముందు నా మిషనుతోనే చెప్పుకోవాలి. నా మిషను ఉలకదు, పలకదు. అద్దం అవతలనుంచి ఎండీ గారు, ఆయన వెనక రైతులు, అందరూ నా వైపే చూస్తున్నారు.

నేను తప్పు ఎక్కడ చేశానో అప్పటికి తెలిసింది. బ్రిడ్జికి ఏ తలుపులోంచి ఏ ట్యాగు రానివ్వాలో వరసగా రాశాను. పది, ఇరవై, ముప్పై, నలభై, అన్నీ. కానీ ఆ ట్యాగులు బ్రిడ్జికి కూడా వర్తిస్తాయని దానికి విడిగా చెప్పాలి. అదే వాక్యం రాసి చివర ‘సెల్ఫ్’ అని ఒక మాట చేర్చాలి. ఆ మాట లేకపోతే అది ఊళ్ళోవాళ్ళ కబుర్లన్నీ ఇటునుంచి అటు చేరవేస్తుంది గానీ, తనతో చెప్పిన మాట తనకు వినపడదు. వడపోత పెట్టకముందే ఆ మాట రాసుకోవాలి. రాయలేదు. బయట నిలబడి తలుపు లాగి, తాళంచెవి లోపల వదిలేసిన పెద్దమనిషిని నేను.

ఇప్పుడు ఆ మిషను ముందే కూర్చుని, దాని కీబోర్డు మీదే కొట్టాలి. మిషను క్యాష్ రూములో ఉంది. ఆఫీసులో ఇన్వర్టరున్న గది అదొక్కటే. క్యాష్ రూము తాళం నాంచారమ్మ దగ్గర ఉంటుంది. నాంచారమ్మ నా మోచేతికి ఆనుకుని, పదో నెంబరులో, ఏదో వోచరు చూసుకుంటోంది. మా ఇద్దరి మధ్య రూటరు అద్దాల అవతల ఎండీ గారికి విసనకర్ర విసురుతున్నాడు.

“నాంచారూ,” అన్నాను. “క్యాష్ రూము తాళం ఇవ్వు.”

ఆవిడ వోచరు తిప్పింది. “సుగుణా, నలభైలోంచి ఏదో చప్పుడవుతున్నట్టుందే?”

“ట్యాగ్ లేదు మేడం, వదిలేయండి,” అంది సుగుణ.

“నాంచారూ, అందరూ చూస్తున్నారు. పరువు పోతోంది.”

“పరువంట. మన పుస్తకాల్లో ఏ పద్దు కింద ఉంది సుగుణా?”

“ఏ పద్దులోనూ లేదు మేడం. ఎప్పుడూ చూపించలా.”

గది మొత్తం ఫ్యాను వైపు చూస్తోంది, కానీ చెవులు ఇటే ఉన్నాయి. నేను చెయ్యి చాపి అలాగే కూర్చున్నాను. మామూలుగా అయితే ఈ పాటికి తాళం మీద, తాళి మీద, తాళలేకపోవడం మీద మూడు శ్లేషలు పడి ఉండేవి. ఒక్కటీ రాలేదు. నా మొహంలో ఏం కనిపించిందో, ఆవిడ వోచరు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“అసలేం జరిగిందండీ?”

“ఒక మాట రాయడం మర్చిపోయాను.”

“ఏం మాట?”

“సెల్ఫ్.”

“అంటే?”

“అంటే... తను. అందర్నీ రాశాను. నన్ను నేను రాసుకోవడం మర్చిపోయాను.”

“ఎవర్ని?”

“నన్నే.”

“మీరు,” అంది నాంచారమ్మ. “మిమ్మల్ని. మర్చిపోయారు.”

తలూపాను.

“సుగుణా,” అంది, నా మీదనుంచి చూపు తిప్పకుండా. “మా పెళ్ళిలో పంతులు గారు మంత్రం మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే, మైకు లాక్కుని తన్ను తానే పరిచయం చేసుకున్న మనిషే ఈయన. మొన్న మా పెద్దనాన్న సంతాప సభలో పోయినాయన గురించి రెండు ముక్కలు చెప్పి, అక్కణ్ణుంచి భోజనాల దాకా తన గురించే చెప్పాడు. మా పెద్దమ్మ ఏడవడం ఆపి, పోయింది ఎవరే అని అడిగింది. అట్టాంటి మనిషి ఇవాళ తన్ను తాను మర్చిపోయాడంట.”

అని నవ్వింది.

ఆలస్యంగా కాదు. అందరికంటే ముందు. చివర ఎక్కిళ్ళు కూడా వచ్చాయి. సుగుణ బల్ల మీద తల వాల్చేసింది. పది నవ్వింది, ఇరవై నవ్వింది, ముప్పై పమిట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. గుమ్మంలో దావీదు మేకులకున్న ట్యాగుల మీద చేరగిలబడ్డాడు. హాల్లో రైతులకు ఏమీ వినపడకపోయినా ఇంతమంది నవ్వుతున్నారు కదా అని వాళ్ళూ నవ్వారు. ఎండీ గారు అద్దానికి మొహం ఆనించి ఏదో అడిగారు. “స్పందన సార్” అన్నట్టు సంజీవులు గారి పెదవులు కదిలాయి. మెమో ఎవరికివ్వాలో ఆయనకు అంతుపట్టలేదు.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంటూ తాళం నా చేతిలో పెట్టింది. వెళ్ళి ఆ ఒక్క మాటా చేర్చాను. మిషను పలికింది.

ఎండీ గారు హాల్లోనే సవరణ ఉత్తర్వు మీద సంతకం చేశారు. రద్దు కాదు, సవరణ. సమస్త విభాగములకూ చెందినవారు కావున వారికి సమస్త ట్యాగులూ మంజూరు. ఆయన మెడలో నాలుగు ట్యాగులు వేసుకుని గది నుంచి గదికి తిరిగారు. అయితే అన్ని నెంబర్లలోనూ ఉన్నవాడికి అన్ని నెంబర్ల మాటలూ వినపడాలని ఉత్తర్వు. సర్వీసులో మొదటిసారి ఆయనకు అకౌంట్స్ చెప్పేది వినపడింది, కొనుగోళ్ళు చెప్పేది వినపడింది, దావీదు తన యూనిఫారం గురించి చెప్పేది వినపడింది. తలపాగా రైతు కూడా, తమరికి లోపలికి దారి దొరికిందిగా అంటూ వెంటే వచ్చి చెప్పింది వినపడింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు రద్దయింది. కారణం ‘పరిపాలనా సౌలభ్యము’ అని రాశారు. ప్లైవుడ్ అడ్డు తిరిగి నిలబెట్టారు. నా మిషను మాత్రం ఇప్పటికీ బాగానే నడుస్తోంది. ఎవరి కడుపు సంగతి వాళ్ళ ప్రింటర్లోనే వస్తోంది.

ఆ సోమవారం సాయంత్రం ఇంటికి వెళ్ళాక నేను వరండాలో కూర్చుని ఉన్నాను. నాంచారమ్మ వంటింట్లో బియ్యం కడుగుతోంది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఏమైందా అని చూస్తే, గిన్నె పట్టుకుని కిటికీలోంచి ఎటో చూస్తూ, తనలో తనే, “మర్చిపోయాడంట” అనుకుని నవ్వుతోంది. అడ్డు లేదు, సుగుణ లేదు, జోకు లేదు.

ఆ ‘సెల్ఫ్’ మీద నాకు ఒక అద్భుతమైన శ్లేష తట్టింది. నోటిదాకా వచ్చింది.

చెప్పలేదు. చప్పుడు చెయ్యకుండా, ఆవిడ నవ్వడం అయిపోయేదాకా గుమ్మం పక్కన నిలబడ్డాను.